వెటర్నరీ సర్జరీ స్పెషలిస్ట్ కావాలంటే ఇంటర్న్‌షిప్ తర్వాత దారేది? చెయ్యి ఎక్కడ తిరుగుతుంది? (చెన్నై)

కావలి_కుర్రాడు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. వేపేరి వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను, ఆలిండియా కోటా సీటు. ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. సర్జరీ తప్ప వేరే ఆలోచన లేదు. ఎంవీఎస్సీ (పీజీ) ఇక్కడే చెయ్యాలా, తిరుపతి వైపు వెళ్ళాలా, లేక నేరుగా అమెరికా పరీక్షలు మొదలుపెట్టాలా? ఈ ఐదు నెలల్లో ఏం నేర్చుకుంటే పనికొస్తుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, ప్లీజ్.

మూడో_క్లాంపు | సోమవారం, రాత్రి 9:50

తమ్ముడూ, ముందు పేర్ల గందరగోళం తీసేద్దాం. మన దగ్గర సర్జన్ అన్న మాట డిగ్రీతోనే వచ్చేస్తుంది. ఆంధ్రాలో అయినా తమిళనాడులో అయినా ప్రభుత్వ ఉద్యోగం పేరే వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. దానికి బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అంటే మామూలు వెటర్నరీ డిగ్రీ చాలు, కత్తి పట్టడం వచ్చా రాదా అని ఎవరూ అడగరు. స్పెషలిస్ట్ అనిపించుకోవడానికి మనవాళ్ళు చూసేది ఎంవీఎస్సీ, సబ్జెక్టు వెటర్నరీ సర్జరీ అండ్ రేడియాలజీ. అది రెండేళ్ళు. ఆపైన పీహెచ్‌డీ మూడేళ్ళు. అమెరికా, యూరప్‌లలో డిగ్రీ తర్వాత విడిగా స్పెషలిస్టుల బోర్డు ఉంటుంది, రెసిడెన్సీ (స్పెషలిస్టుల కింద ఏళ్ళ తరబడి శిక్షణ) ఉంటుంది, కేసుల లెక్క ఉంటుంది, దాని పరీక్షా ఉంటుంది. మన దగ్గర ఆ మెట్టు లేదు, డిగ్రీయే మెట్టు.

ఇప్పుడు నీ పని. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నరేళ్ళు. ఇంటర్న్‌షిప్ పూర్తయిన సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి పెట్టెయ్. 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం అది లేకుండా ప్రాక్టీస్ చెయ్యకూడదు. ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది, చాలామంది మర్చిపోయి ఉద్యోగం దరఖాస్తు రోజున తల పట్టుకుంటారు. ఆంధ్రాలో రిజిస్టరై చెన్నైలో క్లినిక్ పెట్టాలనుకుంటే తమిళనాడు కౌన్సిల్‌కి బదిలీ చేయించుకోవాలి. ఎంవీఎస్సీ అయ్యాక ఆ అర్హతను కూడా రిజిస్టర్‌లో ఎక్కించుకో.

పీజీ సీటుకి రెండు దారులు. ఒకటి, యూనివర్సిటీ సొంతంగా పెట్టే ఎంట్రన్స్. రెండోది, ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ళ ఏఐఈఈఏ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్. రెండు గంటలు, 120 ప్రశ్నలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. వేరే రాష్ట్రం కాలేజీలోకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇదే ప్రధానమైన తలుపు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ అయినా, ఇక్కడి తమిళనాడు వెటర్నరీ యూనివర్సిటీ తనువాస్ అయినా. అందరూ అడిగే బ్రాంచీలు మెడిసిన్, సర్జరీ, గైనిక్. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, కాబట్టి కౌన్సెలింగ్‌లో రెండో ఆప్షన్ ఏం పెడతావో ముందే తేల్చుకో. సర్జరీ రాలేదని ఏదో ఒకటి తీసుకుని రెండేళ్ళు కూర్చున్నవాళ్ళు బోలెడుమంది.

గన్నవరం_గేదె | సోమవారం, రాత్రి 10:31

పైన చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఎంవీఎస్సీ అంటే రెండేళ్ళూ ఆపరేషన్లే అనుకుంటారు. ఇప్పటి ఐకార్ లెక్క చూడండి. మొత్తం 70 క్రెడిట్లు. మేజర్ 20, మైనర్ 8, సపోర్టింగ్ 6, కామన్ కోర్సులు 5, సెమినార్ 1. మిగిలిన 30 థీసిస్‌కే. అంటే సర్జరీ పేరున తరగతిలో చదివేది మొత్తంలో మూడో వంతు కూడా లేదు. చెయ్యి తిరిగేది క్రెడిట్లలో కాదు, ఓపీ డ్యూటీలో, రాత్రి ఎమర్జెన్సీలో. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కాదు చూడాల్సింది. ఆ డిపార్ట్‌మెంటులో పీజీలు ఎంతమంది, టేబుళ్ళు ఎన్ని, కత్తి ఎవరి చేతిలో ఉంటుంది? ఇవి అడగండి.

థీసిస్ టాపిక్ కూడా సర్జరీ చేతికి పని చెప్పేది తీసుకోండి. ఎక్కడో సీరం బయోమార్కర్ తీసుకుంటే రెండో ఏడాది అంతా ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ ముందు గడిచిపోతుంది. ఎముక ప్లేటింగ్, గాయాల మానుదల, మత్తు పద్ధతుల పోలిక లాంటివైతే థీసిస్ కేసులే మీ ప్రాక్టీస్ కేసులవుతాయి.

కావలి_కుర్రాడు | సోమవారం, రాత్రి 10:44

అంటే వేపేరిలో ఉంటే లాభమా నష్టమా అక్కా?

గన్నవరం_గేదె | సోమవారం, రాత్రి 11:05

నీకు ఏ జంతువు కావాలన్నదాన్ని బట్టి. వేపేరి కాలేజీ 1903 నాటిది, నగరం నడిబొడ్డున ఆస్పత్రి. కుక్కలు, పిల్లులు వరస కట్టే చోటు. కుక్కల్లో కాళ్ళు విరిగిన కేసులు, పయోమెట్రా (గర్భాశయంలో చీము), రొమ్ము గడ్డలు, వీపున డిస్క్ జారినవి, ఇవన్నీ చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కడుపు కోసి ప్లాస్టిక్ తియ్యడం, గిట్టల పని, గేదె కాన్పు సిజేరియన్ మీద మనసుంటే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్ల లాంటి చోట్ల చుట్టుపక్కల పశువులు వస్తాయి. గేదెల్లో డయాఫ్రం హెర్నియా ఎక్కువగా చూడాలంటే ఉత్తరాదిలో హిసార్, లూధియానా.

ఇంకో మాట, తమిళం. ఓపీలో యజమాని చెప్పే హిస్టరీ అర్థం కాకపోతే సగం డయాగ్నసిస్ పోయినట్టే. 'సాప్పిడుదా' (తింటోందా) అని అడిగి ఊరుకుంటే చాలదు. ఎప్పటినుంచి, ఎన్నిసార్లు, రంగేమిటి, అన్నీ తమిళంలో అడగగలగాలి.

ఎన్ఆర్ఐ_బావ | మంగళవారం, ఉదయం 6:20

ఎంవీఎస్సీ ఎందుకయ్యా, రెండేళ్ళు దండగ. అమెరికాలో దాన్ని పూచికపుల్లకి లెక్కచెయ్యరు. నేరుగా వెళ్ళిపో.

అట్లాంటిక్_అవతల | మంగళవారం, ఉదయం 7:48

బావగారూ, అమెరికాలో లెక్కచెయ్యరన్నది నిజం, నేరుగా వెళ్ళిపో అన్నది సగమే నిజం. మన ఎంవీఎస్సీని వాళ్ళు రెసిడెన్సీగా లెక్కించరు, ఆ ముక్క ఖాయం. కానీ అక్కడ దారి ఎంత పొడవో చెప్పకుండా 'వెళ్ళిపో' అంటే ఎలా?

మన దేశంలో ఏ కాలేజీకీ అమెరికా వెటర్నరీ అసోసియేషన్ గుర్తింపు లేదు. కాబట్టి ముందు విదేశీ డిగ్రీవాళ్ళ కోసం పెట్టిన ఈసీఎఫ్‌వీజీ గానీ, పేవ్ గానీ పూర్తిచెయ్యాలి. ఈసీఎఫ్‌వీజీలో నాలుగు మెట్లు. డిగ్రీ ధ్రువీకరణ, ఇంగ్లిష్, బీసీఎస్ఈ అనే రాత పరీక్ష, చివరికి సీపీఈ అనే ప్రాక్టికల్. బీసీఎస్ఈ దాకా చాలామంది వస్తారు, ఆగిపోయేది సీపీఈ దగ్గర. అందులో ఏడు భాగాలు. మత్తు, గుర్రం, ఆహారపు పశువులు, పోస్ట్‌మార్టం, రేడియాలజీ, చిన్న జంతువుల వైద్యం, సర్జరీ. మనవాళ్ళు సర్జరీలో కంటే గుర్రంలో, మత్తులో ఎక్కువ తప్పుతారు. గుర్రం కాలు ఎత్తి పట్టుకోవడం కూడా అలవాటు లేకపోవడం ఒక కారణం. మత్తు మిషన్‌ను లీక్ టెస్ట్ చేసి చూపించమంటే చేతులు ఆడకపోవడం ఇంకోటి. లైసెన్సుకి నావ్లీ, 360 ప్రశ్నలు, అది వేరే.

ఇదంతా అయ్యాక అసలు పని. ఏడాది రొటేటింగ్ (అన్ని విభాగాలూ తిరిగే) ఇంటర్న్‌షిప్, మళ్ళీ దాని మీద ఏడాదో రెండేళ్ళో సర్జికల్ ఇంటర్న్‌షిప్. సర్జరీ రెసిడెన్సీకి పోటీ అంత గట్టిది కాబట్టి ఒక్క ఇంటర్న్‌షిప్‌తో దొరికేవాళ్ళు తక్కువ. దరఖాస్తులు వీఐఆర్ఎంపీ మ్యాచ్ (అభ్యర్థుల్నీ సీట్లనీ జత కుదిర్చే పద్ధతి) ద్వారా. మార్కుల పత్రాలు, సిఫార్సు లేఖలు, నీ లేఖ, సీవీ అన్నీ ఒకే చోట పెట్టి, కార్యక్రమాలకు నీ వరస నువ్విస్తావు, వాళ్ళ వరస వాళ్ళిస్తారు. ఫలితం మార్చిలో. ఆపైన రెసిడెన్సీ కనీసం మూడేళ్ళు, కుక్కలు పిల్లుల విభాగమో, పెద్ద జంతువుల విభాగమో ముందే ఎంచుకోవాలి. డిప్లొమేట్ (బోర్డు పాసైన స్పెషలిస్ట్) పర్యవేక్షణలో చేసిన కేసుల లాగ్, ఒక పరిశోధన పత్రం, తర్వాత పరీక్ష. అప్పుడు ఏసీవీఎస్ (అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్) డిప్లొమేట్. ఆ కాలేజీ 1965 నుంచీ ఉంది, అంచెలన్నీ ముదిరిపోయినవి, అడ్డదారి లేదు.

యూరప్‌లో అలాంటి కాలేజీయే ఈసీవీఎస్, అదీ ఇదే పోకడ. బ్రిటన్‌లో ముందు ఆర్‌సీవీఎస్ (అక్కడి వెటర్నరీ రిజిస్ట్రేషన్ సంస్థ) పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7. ఆస్ట్రేలియాకి ఏవీఈ అనే పరీక్ష. ఆ దేశపు స్పెషలిస్టుల కాలేజీలో మెంబర్‌షిప్ పరీక్ష రాస్తే పేరు చివర అక్షరాలు వస్తాయి గానీ స్పెషలిస్ట్ రిజిస్ట్రేషన్ రాదు, దానికి ఫెలోషిప్ దాకా పోవాలి. ఈ తేడా తెలియక డబ్బు పోసేవాళ్ళున్నారు.

ఎంవీఎస్సీ దండగ కాదనడానికి కారణం సిఫార్సు లేఖ. 'మంచి విద్యార్థి, క్రమశిక్షణ గలవాడు' అన్న లేఖ చెత్తబుట్టకే. 'ఇన్ని కేసులు తనే ప్రధాన సర్జన్‌గా చేశాడు, ఫలానా సమస్య వస్తే ఇలా సర్దాడు' అని రాయగలిగే గురువు రెండేళ్ళు నీ పక్కన నిలబడి ఉండాలి.

ఎన్ఆర్ఐ_బావ | మంగళవారం, ఉదయం 8:15

సరే సరే, లెంపలేసుకున్నాను. గుర్రం సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళు.

మూడో_క్లాంపు | మంగళవారం, రాత్రి 8:40

ఇక ఐదు నెలల సంగతి. చాలామంది ఇంటర్న్‌లు ఆపరేషన్లు ఎన్ని చూశామో లెక్కపెట్టుకుంటారు. చూసింది లెక్కలోకి రాదు. ఒకే ఆపరేషన్‌ని కుదురుగా నేర్చుకో, అది ఆడకుక్క స్పే (అండాశయాలు, గర్భాశయం తీసెయ్యడం). అందులో కడుపు తెరవడం, రక్తనాళం కట్టడం, మూడు పొరలు మూయడం అన్నీ ఉన్నాయి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కుడి అండాశయం దగ్గర. అది ఎడమదానికంటే ముందుకు ఉంటుంది, పైకి రాదు. రాకపోతే లాగుతారు, లేదా సరిగా కనపడకుండానే క్లాంపు వేస్తారు. ముందు అండాశయాన్ని లోపల పట్టి ఉంచే సస్పెన్సరీ లిగమెంట్‌ని వేలితో తోకవైపుగా, శరీరం బయటి పక్కకి ఒత్తుతూ తెంపాలి, నేరుగా పైకి లాగితే నాళమే చిరుగుతుంది. మూడు క్లాంపులు వెయ్యి. అడుగుది తీసి, అది నలిపిన గాడిలోనే ముడి కూర్చోవాలి. ముడి బిగిస్తున్న క్షణంలో పై క్లాంపును కాస్త వదులు చెయ్యాలి, లేకపోతే కణజాలం విసనకర్రలా పరుచుకునే ఉండి ముడి బిగిసినట్టు భ్రమ కలుగుతుంది. క్లాంపు తియ్యగానే జారిపోతుంది. కోశాక లోపల మిగిలిన మొదలు (ముడి వేసిన మొండెం) అంచును సన్న ఫోర్సెప్స్‌తో పట్టుకుని, చూస్తూ, మెల్లగా లోపలికి వదులు. దారం కొసలు పట్టుకుని దించకు, అదే ముడిని లాగేస్తుంది.

రక్తం వచ్చిందా, గాజుగుడ్డలు కూరకు. కుడివైపయితే డ్యుయోడినం (చిన్నపేగు తొలి భాగం) పట్టుకుని ఎడమకి ఎత్తు. దాని పొర మిగతా పేగులన్నిటినీ తెరలా పక్కకి తీసుకుపోతుంది, మూత్రపిండం, దాని వెనక మొదలు కనిపిస్తాయి. ఎడమవైపయితే కోలన్‌ని (పెద్దపేగుని) కుడికి ఎత్తు. రక్తం గర్భాశయపు మొదలు నుంచి అయితే మూత్రాశయానికీ కోలన్‌కీ మధ్య వెతుకు. ఈ మూడూ రక్తం రాని కేసులో కూడా, మూసేముందు ప్రతిసారీ చేసి చూసుకో. అవసరమైన రోజున చెయ్యి దానంతట అదే పోతుంది.

స్వాబ్‌లు తెరిచేముందూ మూసేముందూ గట్టిగా పైకి లెక్కపెట్టించు. మూసేటప్పుడు పట్టు ఇచ్చేది రెక్టస్ కండరం బయటి పొర. కండరాన్నీ లోపలి పొరనీ కలిపి ఎంత లావుగా కుట్టినా బలం రాదు.

పేగు_పరీక్ష | మంగళవారం, రాత్రి 9:33

స్పే మీద మంచి పోస్టు. ఇంట్లో చేసుకునే సాధన గురించి నా వంతు. పుళియంతోపు కబేళా వైపో మీ వీధి మటన్ కొట్లోనో మేక పేగు తాజాది అడగండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టినది వద్దు, సూది రంధ్రాల్లోంచే కారుతుంది, మీ కుట్టు తప్పో పేగు తప్పో తెలియదు. శుభ్రంగా కడిగి, అడ్డంగా కోసి, 4-0 దారంతో మళ్ళీ అతకండి. అంచుకి 2–3 మి.మీ. దూరంలో సూది, కుట్టుకీ కుట్టుకీ మధ్య 2–3 మి.మీ. మొదటి కుట్టు మెసెంటరీ (పేగుని పట్టి ఉంచే పొర) వైపు పడాలి. అక్కడ కొవ్వు గోడను కప్పేస్తుంది, కనపడదు, కారేది కూడా ఎక్కువగా అక్కడే. రెండో కుట్టు దానికి సరిగ్గా ఎదురుగా, ఆ తర్వాత మధ్యవి. పట్టు ఇచ్చేది సబ్‌మ్యూకోసా, అంటే లోపలి పొర మ్యూకోసాకి ఆనుకుని ఉండే పొర. మ్యూకోసా బయటికి పొంగుకొస్తుంటే కత్తిరించుకోండి గానీ లోపలికి కుక్కుతూ కూర్చోకండి.

తర్వాత లీక్ పరీక్ష. కుక్కలో అయితే 10 సెం.మీ. ముక్కను రెండు పక్కలా వేళ్ళతో మూసి 16 నుంచి 19 మి.లీ. సెలైన్ ఎక్కించాలి, డోయెన్ క్లాంపులతో (పేగుని నలపకుండా మూసేవి) మూస్తే 12 నుంచి 15 మి.లీ. చాలు. ఇంతకు మించి కొడితే ఎంత మంచి కుట్టయినా కారుతుంది, దాన్ని చూసి మళ్ళీ కుట్లు వేసి ఆ చోటికి రక్తం అందకుండా చేసేస్తారు. థియేటర్‌లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

గన్నవరం_గేదె | మంగళవారం, రాత్రి 10:10

మత్తు గురించి ఎవరూ ఎత్తలేదే. సర్జన్ కావాలనుకునేవాడు కనీసం మూడు నాలుగు వారాలు కత్తి ముట్టకుండా తలవైపు కూర్చోవాలి. వదిలే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ 35–45 మధ్య ఉందా, సగటు రక్తపోటు 60కి పైన ఉందా, ఇవి చూడటం రాకుండా కింద కోస్తూ పోతే పైన కుక్క పోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కకి గొట్టం తొందరపడి తియ్యొద్దు, అది తల ఎత్తి నమిలేదాకా ఉంచండి.

మేకలు, గొర్రెల్లో ఇంకో ఉచ్చు. స్థానిక మత్తు లిగ్నోకైన్ 2 శాతం అంటే మి.లీ.కి 20 మి.గ్రా. కిలోకి 5 మి.గ్రా. లెక్క వేసుకుంటే 20 కిలోల మేకకి మొత్తం 5 మి.లీ. మాత్రమే. ఆవుకి కొట్టిన అలవాటుతో 15 మి.లీ. సిరంజి నింపితే వణుకు, ఫిట్స్. ఎక్కువ చోటికి సరిపోవాలంటే సెలైన్‌తో 1 శాతానికి పలచన చేసుకోండి, 10 మి.లీ. అవుతుంది, మందు అంతే.

డ్రిల్లు_బిట్టు | బుధవారం, సాయంత్రం 6:25

ఎముకల వైపు మనసుంటే ఏఓ వెట్ (ఎముకల సర్జరీ నేర్పే సంస్థ) వాళ్ళ ప్రిన్సిపుల్స్ కోర్సు చెయ్యండి. కానీ దానికి ముందు ఇంట్లో పీవీసీ పైపు మీద, ఆపైన మేక తొడ ఎముక మీద డ్రిల్లు పట్టాలి. కోర్సులో సీటు కొని అక్కడ తొలిసారి డ్రిల్లు పట్టుకోవడం డబ్బు పారబొయ్యడమే.

నేర్చుకోవాల్సింది ఎముక రెండో గోడ, అంటే అవతలి గోడ. డ్రిల్లు మొదటి గోడ దాటగానే ఖాళీ, రెండో గోడ తగలగానే మోత మారుతుంది. ఆ మోత విన్నాక చేతి బరువు తగ్గించాలి. తగ్గించకపోతే అవతల కండలోకో నాళంలోకో దూసుకుపోతుంది. సెలైన్ చుక్కలు పడుతూనే ఉండాలి, ఎముక కాలితే ఆ చుట్టూ చచ్చిపోయి మూడు నాలుగు వారాలకి స్క్రూ వదులవుతుంది. అప్పుడు ప్లేటు నాసిరకమని కంపెనీని తిడతారు.

ప్లేటుకి విరిగిన చోటికి అటూ ఇటూ కనీసం మూడేసి స్క్రూలు, రెండు గోడలూ పట్టేవి. పిన్ను ఒక్కటే వేస్తే మూలుగ గొట్టంలో 60–70 శాతం నిండాలి, ప్లేటు తోడుంటే 35–40 చాలు, లేకపోతే స్క్రూలకి దారి ఉండదు. పిన్ను ఒక్కటే వేస్తే ఎముక మెలితిరగడాన్ని ఆపదు. ఇది పుస్తకంలో అందరూ చదువుతారు, బల్ల దగ్గర మర్చిపోతారు.

కావలి_కుర్రాడు | బుధవారం, రాత్రి 9:02

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కేసు లాగ్ ఇప్పటినుంచే రాయాలా? ఏమేం రాయాలి?

అట్లాంటిక్_అవతల | బుధవారం, రాత్రి 9:40

ఈ రోజునుంచే. నోటుపుస్తకంలో కాదు, షీట్‌లో. తేదీ, కేసు నంబరు, జాతి, వయసు, బరువు, ఏఎస్ఏ గ్రేడు (మత్తు రిస్కు ఎంత అన్నది), రోగం, చేసిన పని, నీ పాత్ర ప్రధానమా సహాయమా, పర్యవేక్షించింది ఎవరు, కోతనుంచి చివరి కుట్టు దాకా ఎన్ని నిమిషాలు, దారం సైజు, ప్లేటు స్క్రూ సైజులు, వచ్చిన చిక్కు. యజమాని పేరు, ఫోను రాయొద్దు.

అందరూ ఖాళీగా వదిలే కాలమ్ ఫాలో అప్. పది పద్నాలుగు రోజులకి కుట్లు తీసేరోజు గాయం ఎలా ఉంది, ఎముక కేసయితే ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఎక్స్‌రేలో ఏముంది. అది లేని లాగ్‌ని ఎవరూ నమ్మరు. చిక్కు కాలమ్‌లో వరసగా 'ఏమీ లేదు' అని ఉన్నా నమ్మరు.

మూడో_క్లాంపు | బుధవారం, రాత్రి 10:05

'సహాయం' అని రాయాల్సిన చోట 'ప్రధానం' అని రాసేవాళ్ళు ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. రక్తం ఎక్కడినుంచి వచ్చింది, ఏం చేశావు అని అడిగితే చాలు.

కావలి_కుర్రాడు | బుధవారం, రాత్రి 10:11

అర్థమైంది అన్నా. డ్రిల్లు అన్నకి ఒక చిన్న ప్రశ్న. 2.7 మి.మీ. కార్టికల్ (ఎముక గట్టి గోడలో వేసే) స్క్రూకి బిట్టు సైజెంత? 3.5కి 2.5 అని తెలుసు.

డ్రిల్లు_బిట్టు | బుధవారం, రాత్రి 10:30

2.0. అలాగే 2.4కి 1.8. స్క్రూ మందం ఎముక మందంలో 40 శాతం దాటకూడదు, పిల్లికి 3.5 ఎత్తుకునేముందు ఒకసారి ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి చూసుకో. రంధ్రం వేశాక ముందు డెప్త్ గేజ్ (లోతు కొలిచేది), తర్వాత ట్యాప్ (మరలు కోసేది). ట్యాప్ చేసి గేజ్ పెడితే కొక్కెం కొత్తగా కోసిన మరలకి తట్టుకుని వాటిని పాడుచేస్తుంది.